మంచువాలు మీద నా పిలుపు

నేను ఒక బీకన్‌ని. సబ్బుపెట్టె అంత ఉంటాను, పసుపు రంగు. మంచుకొండలెక్కేవాళ్లు నన్ను పట్టీలతో ఛాతీకి కట్టుకుంటారు. కట్టుకున్నప్పటి నుంచి విప్పేదాకా, క్షణానికోసారి ‘ఇక్కడున్నాను, ఇక్కడున్నాను’ అని చెవికి వినపడని పిలుపు పంపుతూనే ఉంటాను. మంచు విరిగిపడి మనిషి కూరుకుపోతే, పైనున్నవాళ్లు తమ బీకన్ మీట తిప్పి నా పిలుపును పట్టుకుంటారు. నేను ఎటువైపు, ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నానో వాళ్ల యంత్రం చూపిస్తుంది. పావుగంటలోపు తవ్వి తీస్తే మనిషి బతికే ఆశ ఎక్కువ. ఆ తర్వాత నిమిష నిమిషానికీ తగ్గిపోతుంది.

యూరప్‌లో ఒక కర్మాగారంలో పుట్టాను. మొదట నన్ను కొన్నావిడ నాలుగు చలికాలాలు గుండెకు కట్టుకుని తిరిగింది. ఒక్కసారీ నాతో పని పడలేదు. మనుషులు చిత్రమైనవాళ్లు. ఏరికోరి నన్ను కొనుక్కుంటారు, నా అవసరం రాకూడదని రోజూ దేవుణ్ని వేడుకుంటారు. ఆవిడ మనాలి వచ్చి, తిరిగి వెళుతూ నన్ను అంగ్రూప్ దుకాణంలో అమ్మేసింది.

అంగ్రూప్ మనాలి అవతలి లాహౌల్ లోయ మనిషి. స్కీలు అద్దెకిస్తాడు, కొండల్లో దారి చూపిస్తాడు. రోజూ పొద్దున బయలుదేరేముందు అతను దారికి అడ్డంగా నిలబడతాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే అతని ముందు నుంచి నడవాలి. అతని బీకన్ కూత పెడితేనే ముందుకు వదులుతాడు.

ఏప్రిల్ చివరి వారంలో అతని దగ్గరికి హనుమకొండ నుంచి ప్రహర్ష, మనోజ్ఞ వచ్చారు. పెళ్లయి రెండు నెలలు. స్కీయింగ్ శిక్షణలోనే కలుసుకున్నారట, అందుకే పెళ్లి తర్వాత మళ్లీ మంచులోకే వచ్చారు. నేను ప్రహర్ష ఛాతీ మీదికి చేరాను. అంత వేగంగా కొట్టుకునే గుండె పక్కన నేనెప్పుడూ ఉండలేదు.

గుడారం దగ్గర మూడు సాయంత్రాలు నాతో దాగుడుమూతలు ఆడారు. అతను నన్ను మంచులో దాచేవాడు, ఆమె తన యంత్రంతో వెతికేది.

“దొరికె! ఇగ నెలరోజులు చాయ్ నువ్వే పెట్టాలె” అని ఆమె గెంతేది.

“రేపు చూడు బిడ్డా, మీ తాత దిగొచ్చినా దొరకదు.”

“మా తాతకెందుకోయ్, నాకు నీ తెలివి ఎంతనో తెల్వదా?”

అంగ్రూప్ మాత్రం నవ్వలేదు. “గుడారం దగ్గర ఎన్ని ఆటలైనా ఆడండి. వాలు మీద మాత్రం బీకన్ ఒంటి మీదే ఉండాలి” అని హిందీలో అన్నాడు.

నాలుగోరోజు ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీల అడుగున నూగు పట్టీలు అంటించుకుని కనుమవైపు ఎక్కారు. వసంతంలో మంచు రాత్రి గడ్డకట్టి, ఎండెక్కాక మెత్తబడుతుంది. గట్టిగా ఉండగానే ఎక్కి దిగిపోవాలి. ఆ రాత్రి మబ్బు పట్టి ఉండటంతో మంచు గడ్డకట్టనే లేదు. తెల్లారాక మబ్బు విడిపోయి ఎండ చుర్రుమంది. తొమ్మిదింటికి అంగ్రూప్ చేతికర్ర గుచ్చి చూశాడు. పిడిదాకా దిగిపోయింది.

“కనుమ వద్దు. వెనక్కి పోదాం.”

ఒక నిటారు వాలు పక్కన, రాళ్ల దగ్గర వాళ్లిద్దరినీ ఆపాడు. కింద వాగు మీది మంచు ఇంకా బరువు మోస్తుందో లేదో చూసొస్తానన్నాడు. “నేను చెయ్యి ఊపేదాకా ఈ రాళ్లు దాటొద్దు.”

మనోజ్ఞ బూటు విప్పి, లోపల చేరిన మంచు దులుపుకుంటూ కూర్చుంది. ముఖాన ఎండ పడుతుంటే కళ్లు మూసుకుని ఏదో కూనిరాగం తీస్తోంది. ప్రహర్ష ఆమెను చూసి నవ్వుకున్నాడు. చప్పుడు కాకుండా నన్ను విప్పి తన ఎర్ర ఊలు టోపీలో చుట్టాడు. అందులోనే ఒక పల్లీపట్టి పెట్టాడు, గెలిచినవాళ్లకు బహుమతి. రాళ్లు దాటి, వాలు మొదట్లో అడుగు లోతున నన్ను పూడ్చి పైన చదును చేశాడు. అంతటితో ఊరుకోలేదు. ఆమెను దారి తప్పించాలని దొంగ అడుగులు వేసుకుంటూ అడ్డంగా వాలు మీదికి నడిచాడు.

పెద్ద శబ్దమేమీ రాలేదు. తడి సిమెంటు జారినట్టు వాలు మీది మంచు మొత్తం కదిలి, అతన్ని కిందికి ఈడ్చుకుపోయింది. నా మీద ఒక్కసారిగా బరువు పడింది.

“హర్షా!”

ఆమె ఒంటికాలి బూటుతోనే పరుగెత్తింది. నేర్చుకున్నది మరిచిపోలేదు. తన బీకన్ మీట తిప్పింది. నేను పిలిచాను. ఆమె యంత్రం మీద మీటర్లు తగ్గుతూ వచ్చాయి: ముప్పై, పద్దెనిమిది, తొమ్మిది. ఇంత చక్కగా నేనెన్నడూ పిలవలేదు. నాకు వచ్చిన మాట అదొక్కటే. అతను ఇక్కడ లేడు, అటు, కింద మలుపు దగ్గర అని చెప్పే మాట నాకెవరూ నేర్పలేదు.

“వస్తున్న, వస్తున్న, జర ఓపిక పట్టు” అంటూ ఆమె పారతో తవ్వింది. తడిమంచు రాయిలా బిగుసుకుపోయి ఉంది. అంగ్రూప్ రొప్పుతూ ఎక్కొచ్చి తనూ తవ్వసాగాడు. ఎర్ర ఊలు కనపడింది.

“దొరికిండు! భయ్యా, దొరికిండు!”

టోపీ పట్టుకుని లాగింది. తేలిగ్గా వచ్చేసింది. అందులో నేనూ, పల్లీపట్టీ ఉన్నాం.

ఆమె టోపీలోకి చూస్తూ ఉండిపోయింది. పద్నాలుగు నిమిషాలు అప్పటికే గడిచిపోయాయి. అంగ్రూప్ నన్ను ఆపేసి, పొడవాటి కడ్డీ ఆమె చేతికిచ్చి, “అడుగడుగునా గుచ్చుకుంటూ రా అమ్మా” అన్నాడు. ఇద్దరూ పక్కపక్కన నడుస్తూ మంచులో కడ్డీలు గుచ్చారు. ప్రహర్ష దొరికేసరికి ఇంకో యాభై నిమిషాలయింది. మలుపు దగ్గర, మనిషి లోతున. అంగ్రూప్ నాడి కోసం అతని మెడ మీద వేళ్లు పెట్టి చాలాసేపు తీయలేదు.

మర్నాడు పోలీసు చౌకీలో ప్రహర్ష వస్తువులు ఒక బల్ల మీద పరిచారు. గడియారం, కళ్లద్దాలు, చేతితొడుగులు, నేను. హెడ్ కానిస్టేబుల్ ఒక్కొక్కటీ రాసుకుంటూ నన్ను తిప్పి చూశాడు.

“ఇదేమిటి? పాడైపోయిందా, పనిచేస్తుందా?” అని హిందీలో అడిగాడు.

మనోజ్ఞ నావైపు చూడకుండానే తెలుగులో జవాబిచ్చింది. “మంచిగనే పనిచేస్తది.”

ఆయనకు అర్థంకాలేదు. ఆమె హిందీలో మళ్లీ చెప్పింది. ఆయన రాసుకున్నాడు.