వెంట వచ్చిన సొత్తు

ఆవిడ కూరలకి వెళ్తే గరిటె వెంటబడేది. దాని వెనక రెండు గ్లాసులు, ఒక్కోసారి దిండు గలీబు కూడా. తన చేత్తో తోమినవీ, ఉతికినవీ, తుడిచినవీ ఆవిడ గడప దాటితే ఊరుకోవు, చంటిపిల్లల్లా వెనకే వస్తాయి. చిన్నప్పటి నుంచీ అంతే. వీధిలో ఎవరికీ అది వింత కాదు. "అమ్మా, మీ గ్లాసు వెనకబడింది," అని కూరలవాడు చెబితే ఆవిడ ఆగి, కసిరి, అన్నిటినీ ఇంటికి పంపేసేది.

ఆవిడ భర్త బ్యాంకు తరఫున ఇళ్లకి విలువ కట్టే ఉద్యోగి. గోడ తట్టి చూసి ఇల్లు ఎంత చేస్తుందో చెప్పేస్తాడు. అందరూ ఆయన్ని విలువలాయన అంటారు. ఆవిడా ఒకప్పుడు అచ్చాఫీసులో ఉద్యోగం చేసింది. పాప పుట్టాక ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలని ఇద్దరూ కలిసే అనుకున్నారు. కొన్నాళ్లకి అది ఆవిడ ఒక్కతే ముచ్చటపడి చేసిన పనిలా తయారైంది. చెప్పులు తెగినా ఆయన్నే అడగాలి. ఆయన లేదనడు. పాతవి ఎందుకు తెగాయో విచారణ జరిపి మరీ ఇస్తాడు.

అద్దెకున్న ఇంటినే కొనుక్కుంటున్నారు. రిజిస్ట్రేషను రోజు పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆవిడ తన పేరూ రాయించమంది. జీతంలో కొంత తన ఖాతాలో పడేలా చూడమంది.

"ఎవరి పేరైతే ఏంటి? మనిల్లే కదా," అన్నాడాయన.

"ఎవరి పేరైనా ఒకటే అయితే, నా పేరున రాయించండి."

విలువలాయనకి చిర్రెత్తుకొచ్చింది. "ఇందులో నువ్వు సంపాదించిందేముంది? నీ చేతి కష్టం ఏదన్నా ఉంటే నిక్షేపంగా పట్టుకుపో," అన్నాడు.

ఇన్నేళ్ల చాకిరీ ఈయన లెక్కలో సున్నా అని తెలిసి ఆవిడకి ఏడుపొచ్చింది. ఇస్త్రీపెట్టె ఆపి, పాప చెయ్యి పట్టుకుని, వీధి చివరున్న అక్క ఇంటికి బయల్దేరింది. ఈసారి దేన్నీ వెనక్కి పొమ్మనలేదు.

ముందు గిన్నెలు లేచాయి. తర్వాత కర్టెన్లు, పరుపులు, గుమ్మంలో ఇరుక్కుని కాస్త ఆలస్యంగా భోజనాల బల్ల. "బీరువా వస్తోంది, స్కూటరు తియ్యండి," అని కూరలవాడు దారి ఇప్పించాడు. ఇల్లు కూడా లేవబోయింది కానీ పునాది రానివ్వలేదు.

ఇల్లు మిగిలింది, అదే పదివేలు అనుకున్నాడు విలువలాయన. ఇంతలో ఒంటిమీది చొక్కా, ప్యాంటూ ఆయన్ని గుమ్మంలోకి లాగాయి. తెలివైనవాడు కాబట్టి వాటిని విప్పేసి, దుకాణం మడత ఇంకా విప్పని కొత్త జత తొడుక్కున్నాడు. పాతజత కిటికీలోంచి దూకి వెళ్లిపోయింది. కాగితాలు చంకలో పెట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసుకని కుడివైపు తిరగబోయాడు. కాళ్లు ఎడమకి తిరిగాయి.

కరెంటు స్తంభాన్ని వాటేసుకున్నాడు. చేతులూ మాట వినలేదు. పెళ్లైన నాటి నుంచీ ఆవిడ వండింది తిన్న ఒళ్లు, జ్వరమొస్తే ఆవిడ తడిగుడ్డ వేసిన నుదురు. తనలో ఆవిడ చెయ్యి పడని చోటేదైనా ఉందేమోనని దారంతా వెతుక్కున్నాడు. ఆ మాట అన్న నాలుక కూడా ఆవిడ వంట మరిగినదే. మొదటిసారి ఆయనకి సిగ్గేసింది.

"రావయ్యా తోడల్లుడూ, అలా బల్ల పక్కన నిలబడు. సామాను ఇంకా సర్దలేదు," అన్నాడు అక్క భర్త.

విలువలాయన తన భార్య వైపు చూశాడు. "నువ్వు ముందు నడిస్తే గానీ నేను రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లలేను."

"ఎవరి పేరున?"

"ఇద్దరి పేరునా. జీతం సంగతీ ఇవాళే తేల్చేద్దాం."

ఆవిడ లేచింది. గిన్నెలు, పరుపులు, బీరువా, విలువలాయన వరసగా వెనక నడిచారు. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా తలెత్తకుండానే చెప్పాడు: "సామాను బయట ఉంచి, కొనేవాళ్లు లోపలికి రండి."

విలువలాయన గిన్నెల పక్కనే నిలబడిపోయాడు. ఆవిడ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మీరూ రండి," అంది.