గులాబీ పువ్వుల జవాబు

మా ఆయన ఎల్లేష్‌కు చెక్కతో ఎంత స్నేహమో ఫోనుతో అంత వైరం. నాంపల్లి స్టేషన్ వెనక సందులో మాది గిటార్లు చేసే దుకాణం. ముందు గదిలో నేను బ్లౌజులు కుడతాను, వెనక గదిలో ఆయన గిటార్లు చెక్కుతాడు.

మా దగ్గరికి గిటార్ చేయించుకోవడానికి వచ్చిన అక్షిత బషీర్‌బాగ్‌లో ఉద్యోగం చేస్తూ ఒక బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తుంది. స్కూటీ మీద నుంచి పడి భుజానికి ఆపరేషన్ అయింది. బరువు మోయొద్దన్నాడు డాక్టరు. అబిడ్స్‌లో దుకాణాలన్నీ తిరిగినా తేలికైన గిటార్ దొరకలేదు. నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌లో వాళ్ల బ్యాండు ప్రోగ్రాం ఉంది.

"మీరు తేలికగ చేసిస్తేనే వాయిస్త అన్నా. లేకుంటే ఇడిసిపెట్టుడే," అని ఆర్డరిచ్చి వెళ్లింది.

అప్పటినుంచి మెసేజ్‌లు. చెక్క వచ్చిందా, ఎంతవరకు అయింది, ఒక ఫోటో పెట్టండి. పాపం, అడగడంలో తప్పేముంది? మా ఆయన మాత్రం పొద్దున్నే గులాబీ పువ్వు మీద గుడ్ మార్నింగ్ అని రాసిన బొమ్మ ఒకటి పంపి, జవాబిచ్చేశానని నిశ్చింతగా పనిలో కూర్చునేవాడు.

"పని సంగతి అడిగితే పువ్వు పంపుతవేంది?" అన్నాను.

"పువ్వు పంపిన్నంటే నేను మర్చిపోలేదని అర్థం గాదా? సగం చెక్కింది చూపిస్తె ఆమె పరేషాన్ అయితది."

ఇంతలో ఆ చెక్క నిలువునా చీలింది. పని మళ్లీ మొదటికొచ్చింది. ఆ మాట చెప్పడానికి నోరు రాక, ఆ రోజు పూలగుత్తే పంపాడు మహానుభావుడు. నాకు ఒళ్లు మండింది. నేనే చెప్తానంటే, పని పూర్తయ్యాక చెబుదాం ఆగమన్నాడు.

నిన్న మధ్యాహ్నం అక్షితే వచ్చింది. కొట్లాటకు వచ్చిందనుకున్నాను. స్టూలు మీద కూర్చుని మెల్లగా అంది.

"మీ నుంచి పువ్వులు తప్ప ఏం రాకపాయె. ఇగ గిటార్ వాయించుడే ఇడిసిపెట్టిన అక్కా. వేరేవాళ్లను చూసుకోమని బ్యాండుల చెప్పేసిన."

వెనక గదిలో ఆ మాట విని మా ఆయన ఉలి కిందపెట్టాడు. ఇంకా రంగు వేయని, తీగలు లేని గిటార్ తెచ్చి, పట్టీ బిగించి ఆమె భుజానికి తగిలించాడు. అక్షిత లేచి నిలబడింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఎక్కడా నొప్పి లేదని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

"ఇంత అయిందా అన్నా? ఒక్క మాట చెప్పొద్దా?"

"మొదటి చెక్క పలిగింది మేడమ్. చెప్పనీకి సిగ్గయింది. తప్పు నాదే. మీ బ్యాండాయన నంబరియ్యుండ్రి."

ఫోనంటే ఆమడ దూరం పోయే మనిషి తనే ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, చీలిన చెక్క సంగతి కూడా దాచకుండా చెప్పాడు. "నుమాయిష్ ప్రోగ్రాం లోపట చేసిస్త సార్. ఆమె జాగ వేరేవాళ్లకు ఇయ్యకుండ్రి."

అవతల బ్యాండు నడిపే పవన్‌కుమార్ వెంటనే అందుకున్నాడు.

"ఎవరికిస్తం అన్నా? మేమెవర్నీ చూడలే. ఆమె రానన్నప్పటిసంది మెసేజ్‌లు పెడుతున్నం, ఫోన్లు చేస్తున్నం. ఆమెనే ఎత్తుతలేదు. జర మీరన్న చెప్పుండ్రి. ఆమె లేకుంటే మేం స్టేజీ ఎక్కం."

అక్షిత గిటార్‌ను రెండు చేతులతో పట్టుకుని ఏడ్చేసింది. నాకూ ఏడుపు ఆగలేదు. ఫోను తీసి ఆమె చెవి దగ్గర పెట్టాను.

"మాట్లాడు బిడ్డా," అన్నాను.