ఒంటి మొక్క, జంట మొక్క

"విత్తనం పేరు చెప్పి మా కళ్లల్ల మన్ను కొట్టింది మీరిద్దరు. ఒకరు తయారు చేసిన్రు, ఒకరు అమ్మిన్రు. ఇయ్యాల తప్పు మాదేనని కాయితం రాయిద్దామని వచ్చిన్రా?"

ఈదమ్మ అంతటితో ఊరుకోలేదు. కొంగున మూటగట్టిన పత్తికాయలు విప్పి కంపెనీ మనిషి శ్రీకాంత్ బూట్ల ముందు గుమ్మరించింది. ఒక్క కాయ సక్కగ లేదు. ప్రతి కాయకూ బొక్క. కొన్నిట్లో పచ్చపురుగు ఇంకా మెసులుతనే ఉన్నది.

శ్రీకాంత్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అతని పక్కన వెంకటేశ్వర్లు సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. కోదాడ బజారులో విత్తనాల దుకాణం ఆయనదే. ఇద్దరికీ ఎదురుగా వ్యవసాయాధికారి కవిత, చేతిలో అట్ట, అట్ట మీద తెల్లకాగితం. గట్టు పొడుగునా రైతులు. పంతొమ్మిది మంది కలిసి ఫిర్యాదు పెడితే, నెల తిప్పించుకుని ఇయ్యాల వచ్చారు పంచనామాకు.

అది రెండువేల ఎనిమిది, కార్తీకం వెళ్లిపోతున్న రోజులు. చిలుకూరుకు ఎగువన, కాలువ నీళ్లు ఎక్కని చెలక. అందులో రెండెకరాలు ఈదమ్మ కౌలుకు చేస్తున్నది. సొంత సేద్యం ఆ రెండెకరాలే గానీ, ఊళ్లో ఆమె చెయ్యి పడని చేను లేదు. ఎనిమిది మంది ఆడోళ్ల కూలిగుంపుకు ఆమె పెద్ద. విత్తనం పెట్టాలన్నా, కలుపు తీయాలన్నా, పత్తి ఏరాలన్నా ముందు ఈదమ్మ గడపకే వస్తారు.

"అమ్మా, కోపం ఎందుకు," అన్నాడు శ్రీకాంత్, మెత్తగా. "మాది బీటీ విత్తనం. పురుగును చంపే మందు ఆ మొక్క ఆకులోనే పుడుతుంది. పురుగు పడిందంటే ఎక్కడో పొరపాటు జరిగింది. ఒక్క మాట అడుగుతాను చెప్పండి. పెద్ద ప్యాకెట్ లోపల చిన్న ప్యాకెట్ ఉంటుంది కదా. అది ఎక్కడ పెట్టారు?"

గట్టు మీది రైతుల్లోంచి సైదులు ఠక్కున అన్నాడు, "ఎక్కడ పెడ్తరు, పోగుంటలకు పెట్టినం."

మొలవని కాడ మళ్లీ గింజ పెట్టడమే పోగుంట. ఊరూరా అదే లెక్క. పెద్ద ప్యాకెట్ చేనుకు, చిన్న ప్యాకెట్ పోగుంటలకు. బీటీ వచ్చిన కాడి నుంచి ఎవరూ వేరే తీరుగా చేసింది లేదు.

శ్రీకాంత్ మొఖం విచ్చుకున్నది. "విన్నారా మేడం? చిన్న ప్యాకెట్లో ఉండేది మామూలు పత్తి. దానిలో మందు ఉండదు. చేను చుట్టూ ఐదు సాళ్లు విడిగా పెట్టాలి. పురుగు కొంత అక్కడ మేస్తేనే మందుకు అలవాటు పడదు. వీళ్లు తీసుకుపోయి చేను నడుమ కలిపేశారు. పురుగుకు విస్తరేసి పిలిచారు. ఇప్పుడు ఏ మొక్క ఏ ప్యాకెట్‌దో దేవుడు కూడా చెప్పలేడు. ఏ ఆకు పరీక్ష చేసినా అర్థం లేదు."

సంచిలోంచి టైపు కొట్టిన కాగితం తీశాడు. రైతుల పొరపాటు వల్ల పంట నష్టం అని ముందే కొట్టుకొచ్చిన కాగితం. పేర్లు రాసే జాగ ఒక్కటే ఖాళీ.

ఈదమ్మ వెంకటేశ్వర్లు వైపు తిరిగింది. "సేటూ, చిన్న ప్యాకెట్ ఊరికెనే వస్తది, పోగుంటలకు వాడుకో అని నీ దుకాణంల నువ్వే చెప్పలేదా?"

"నేనెప్పుడు చెప్పానమ్మా? ప్యాకెట్ మీద అంతా రాసే ఉంటుంది గదా."

"ఇంగ్లీషుల రాసి ఉంటది. చీమ కాలంత అక్షరాలు. సదువుకున్నోళ్లకే కండ్లద్దాలు కావాలె."

"అదంతా నాకు తెలియదమ్మా. నాది అమ్మటం వరకే."

గట్టు మీద గుసగుస లేచింది. అది గుసగుసగానే ఉంటే బాగుండు. సైదులు గొంతు పెంచాడు. "నీ గుంపే గదా వదినా పంతొమ్మిది చేన్లల్ల పోగుంటలు పెట్టింది. మాకేం తెలుసు, నువ్వు పెద్దదానివని నీ చేతికిచ్చినం. కోడిపిల్లల కావలికి గద్దను పెట్టినట్టయింది."

ఇంకొకడు అందుకున్నాడు. "అడగక పోవుడు, తెల్వక పోవుడు. ఇగ నష్టపరిహారం ఖతం."

ఈదమ్మకు చెంపదెబ్బ తిన్నట్టయింది. పురుగు తిన్న చేనుకు కూడా ఇంత బాధ కాలేదు ఆమెకు. పన్నెండేండ్ల నుంచి విత్తనాలు పెట్టిన చెయ్యి. ఆ చెయ్యే పంతొమ్మిది ఇండ్ల నోటికాడి కూడు లాగిందంటే, రేపు ఏ గడప ముందు నిలబడ్డా ఆ మాటే ముందు పలుకుతది.

కవిత కలం తీసింది. "ఈదమ్మా, నాకూ మనసొప్పదు. కానీ కలిపేశామని మీరే ఒప్పుకున్నారు. దేన్ని పరీక్ష చేయను నేను?"

ఈదమ్మ చేన్లోకి దిగింది. అందరూ ఏడ్వడానికి పోతున్నదనుకున్నారు. ఏడ్చే మనిషి అయితే ఇంత దూరం వచ్చేదే కాదు. మొక్కల మొదళ్లు చూసుకుంట వంగి నడుస్తున్నది. ఒక మొదలు, రెండో మొదలు, మూడోది. విత్తనం పెట్టిన రోజు లాగానే వంగి, అదే నడక. కండ్లు మర్చిపోయినా కాళ్లకు యాదికున్నది.

నడుమ సాలులో ఆగింది. నడుం ఎత్తి నిలబడ్డప్పుడు మొఖం మారిపోయింది.

"మేడం, కలం మూయి. దేవునికి తెల్వకపోతే తెల్వకపాయె. నాకు తెలుసు. ఇటు రా."

కవిత దిగింది. వెనకే శ్రీకాంత్.

"ఇది సూడు. ఎన్ని మొక్కలున్నయి?"

"ఒకటి."

"ఇది?"

"ఇక్కడ రెండు ఉన్నాయి. ఒకే గుంటలో."

"సుట్టు సూడు బిడ్డా. ఒంటి మొక్కలు ఎన్ని, జంట మొక్కలు ఎన్ని?"

కవిత తల తిప్పి చూసింది. చేనంతా ఒంటి మొక్కలే. నడుమ నడుమ, అక్కడొకటి ఇక్కడొకటి, జంటలు. జంటల ఎత్తు కూడా జానెడు తక్కువ.

"పెద్ద ప్యాకెట్ గింజ బంగారం తీరు," అన్నది ఈదమ్మ. "అడ్డం నిలువు అచ్చు గీతలు తోలి, గీతా గీతా కలిసిన కాడ ఒక్కటంటే ఒక్క గింజ. రెండు పడితే నేనే తిడ్త. మళ్లా తీసి పక్క గుంటల పెట్టిస్త. చిన్న ప్యాకెట్ ఊరికె వచ్చింది. మొలుస్తదో మొలవదో అని గుంటకు రెండేసి వేసినం. అదీ పదిరోజుల తర్వాత. అందుకే జానెడు పొట్టి."

"ఒత్తు తీయలేదా మరి, రెంట్లో ఒకటి పీకి?" కవిత అడిగింది.

"ఏడ తీస్తం. అప్పటికే కాలువ కింద నాట్లు పడ్డయి. గుంపంతా చిలుకూరు పొలాలకు పోయినం. వచ్చేసరికి మొక్కలు మోకాలెత్తు. ఇగ పీకితే పక్కదాని వేరు కదుల్తదని విడిచినం. నా చేను ఒక్కటే కాదు, పంతొమ్మిది చేన్లు గిదే తీరు. జంటది చిన్న ప్యాకెట్. ఒంటిది పెద్ద ప్యాకెట్. ఒంటి మొక్క ఆకు తెంపి పరీక్ష పెట్టు."

శ్రీకాంత్ నవ్వాడు గానీ ఆ నవ్వు పెదవి దాటలేదు. "రెండు వేసిన కాడ ఒకటి చచ్చిపోయి ఒకటి మిగలొచ్చు కదమ్మా. అప్పుడు అదీ ఒంటి మొక్కే."

"చావచ్చు. ఒకటి చస్తది, పది చస్తయి. రెండెకరాల్ల ఉన్న ఒంటి మొక్కలన్నీ గట్లనేనా? అట్లయితే నీ పెద్ద ప్యాకెట్ల ఒక్క గింజ గూడ మొలవలేదన్నట్టు. అదే రాసియ్యి, సంతకం పెట్టు. నాకు అదీ సాలు."

గట్టు మీద ఎవడో నవ్వాడు. సైదులు నవ్వలేదు, చెప్పులు విడిచి చేన్లోకి దిగాడు.

కవిత సంచిలోంచి పరీక్ష సామాను తీసింది. పొడుగైన మొక్కలే చూసి, తూర్పు నుంచి పడమర దాకా పది ఒంటి మొక్కల ఆకులు తానే తెంపింది. ఒక్కో ఆకును చిన్న గొట్టంలో వేసి, చుక్కలు పోసి నూరి, కాగితపు పుల్ల ముంచింది. ఆకులో మందు ఉంటే రెండు గీతలు. లేకుంటే ఒకటే గీత. పది పుల్లలు అట్ట మీద వరసగా పెట్టింది. పది నిమిషాలు అందరి కండ్లూ ఆ పుల్లల మీదే. వెంకటేశ్వర్లు ఫోన్ కూడా జేబులోకి పోయింది.

మొదటి పుల్ల మీద ఒకటే గీత. రెండోది, ఒకటే. పదింటికి పదీ ఒకటే గీత.

"పుల్లలు పాతవై ఉంటాయి," అన్నాడు శ్రీకాంత్.

ఈదమ్మ గట్టు అవతలికి కేక వేసింది. "తమ్మీ లింగ్యా, నీ చేన్ల ఆకు ఒకటి తెంపుకరా. మంచిది సూసి."

తండా లింగ్యా సూర్యాపేటలో వేరే కంపెనీ విత్తనం కొన్నాడు. గట్టుకు ఇవతల పురుగు, అవతల తెల్లగా విచ్చిన పత్తి. లింగ్యా ఆకు తెచ్చి కవిత చేతిలో పెట్టి, "నా చేనుకు దిష్టి తగలకుండ సూడు మేడం, పంట మంచిగుంది," అన్నాడు.

అదే పెట్టెలోని పుల్ల. రెండు గీతలు, సున్నం పెట్టి గీసినంత స్పష్టంగా.

ఈదమ్మ ఆ పుల్లను శ్రీకాంత్ మొఖం ముందు పట్టింది. "సూడు సారూ. బీటీ మీద మాకు పగ లేదు. గింజ మంచిదైతే పంట గిట్ల ఉంటది, లింగ్యా చేను సూడు. మీరు ప్యాకెట్ మీద బీటీ అని రాసి లోపల ఉత్త పత్తి పోసిన్రు. పురుగు రాదంటిరి, మందు కొట్టకపోతిమి. పురుగొచ్చింది. పొరపాటు ఎవరిది?"

శ్రీకాంత్ టైపు కాగితం మడిచి సంచిలో పెట్టబోయాడు. సైదులు చెయ్యి పట్టుకున్నాడు. "అది మేడంకియ్యి. పరీక్షకు ముందే తీర్పు రాసుకొచ్చినవని అదీ పంచనామల రావాలె." తర్వాత ఈదమ్మ వైపు చూడకుండానే అన్నాడు, "వదినా, గద్దను నేను తప్పు జాగల సూసిన."

"నీ సంగతి తర్వాత సూస్త. ముందు సేటు జారుకుంటుండు, దారికి అడ్డం నిలబడు."

వెంకటేశ్వర్లు నిజంగానే బండి దాకా పోయాడు. సైదులు అడ్డం నిలబడేసరికి అక్కడే ఆగిపోయాడు.

కవిత తెల్లకాగితం మీద రాయడం మొదలుపెట్టింది. ఈదమ్మ పక్కన నిలబడి, ఒక్కో మాటకు వేలు మడిచి చెప్పింది.

"చిన్న ప్యాకెట్ పోగుంటలకు పెట్టుడు మా తప్పే, అదీ రాయి. దాసేదేం లేదు. ఒంటి మొక్కల సంగతి గూడ రాయి. పది పుల్లలు కాయితానికి అంటించు. తక్కిన పద్దెనిమిది చేన్లల్ల రేపే పరీక్ష పెట్టు, నేను తోలుకపోత. ఈ సేటు దుకాణంల మిగిలిన ప్యాకెట్లకు పొద్దుగూకకముందే సీలు వెయ్యి. రేపంటే అవి రాత్రికి రాత్రి మిర్యాలగూడ పోతయి. వచ్చే వానకాలం గింజ అమ్మేముందు ప్రతి మూటలకెల్లి పిడికెడు గింజలు తీసి మొలిపించి, మా ముందట గీతలు సూపించాలె. ప్యాకెట్ మీద తెలుగుల రాయాలె, లోపలి చిన్న ప్యాకెట్ ఎందుకో, ఏడ పెట్టాలెనో, పెద్ద అక్షరాలల్ల. ఈ పంతొమ్మిది మందికి పరిహారం పత్తికట్టె పీకకముందే రావాలె. అప్పటిదాంక ఒక్క కట్టె పీకం. పీకినంక సాక్ష్యం ఏది అని అడిగేది గూడ మీరే. రాసినవా? ఇగ సదువు, గట్టిగ సదువు, గట్టు మీదోళ్లందరికి వినపడాలె. విన్నంక ముందు ఈ కంపెనీ సారు సంతకం పెట్టాలె."