ఎర్ర పురికొస కట్టిన సీసా

పొద్దున్నే ఐదింటికి ఆ ఇంట్లో ఆరాధన చేసే మొదటి పని సీసాలు నింపడం. మొత్తం తొమ్మిది. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసే మొగుడు శ్యామ్ సుందర్‌కి రెండు, బడికెళ్ళే కూతురు క్రిస్టీనాకి ఒకటి, అత్తగారు వీరమ్మ మంచం పక్కన రెండు, ఫ్రిజ్‌లో నాలుగు. పెళ్ళయిన పదమూడేళ్ళ నుంచీ ఇదే లెక్క. అందులో నీదేదీ అని ఎవరూ అడగలేదు. ఆమెకూ తట్టలేదు. దాహమైతే ఎవరి సీసాలో అడుగున మిగిలితే వాళ్ళది ఎత్తి గొంతులో పోసుకునేది. ఎత్తే పోసుకోవాలి. సీసా మూతి పెదవికి తగిలిందా, వీరమ్మ ఎక్కడున్నా చూసేస్తుంది.

"కరుచుకుని తాగుతావేంటే? ఎంగిలి!"

ఈ ఎంగిలి పట్టింపు వీరమ్మ ఎక్కడ నేర్చిందో ఆరాధనకు తెలుసు. వయసులో ఉన్నప్పుడు మిరప కోతలకు పోతే, ఆసామి పాలేరు చెంబుతో పైనుంచి నీళ్ళు పోస్తుంటే వంగి దోసిలి పట్టి తాగిన మనిషి ఆవిడ. ఆ చెంబుకు తగలకూడనివి తన చేతులేనని తెలిసి కూడా ఆ నియమాన్ని తెచ్చి సొంత వంటింట్లో పెట్టుకుంది. ఎందుకంటే, "మనల్నెవరూ ఒక మాట అనగూడదు" అంటుంది. అన్నవాళ్ళు ఎప్పుడో పోయారు. మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఆరాధన గుంటూరు రోడ్డులోని మిర్చి కోల్డ్ స్టోరేజీలో చీటీలు రాస్తుంది. నాలుగేళ్ళ కింద ఒకరోజు బస్సు తప్పిపోయి, మేనేజరు చేత మాట పడలేక, చెప్పులు చేత్తో పట్టుకుని నాలుగు కిలోమీటర్లు పరుగెత్తింది. కుర్చీలో కూర్చున్నాక భయం తగ్గింది కానీ, ఇంకాస్త దూరం ఉంటే పోగలిగేదాన్నా అన్న ప్రశ్న తగ్గలేదు. మర్నాడు పొద్దున పత్తి చేల మధ్య రోడ్డు మీద ఆరు కిలోమీటర్లు పరుగెత్తి చూసింది. మరుసటి వారం పది. ఆమెకున్న దురలవాటల్లా ఈ కుతూహలమే. "ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?" అని మేనేజరు నవ్వాడు. "ఇంట్లో పని చాలక ఒళ్ళు తిమ్మిరెక్కిందిలే" అన్నాడు శ్యామ్ సుందర్. ఆమె మాత్రం ఇరవై అయితే ఎలా ఉంటుందో అనుకుంది.

పోయినేడు విశాఖ మారథాన్‌లో నలభై రెండు కిలోమీటర్లు మూడు గంటల పన్నెండు నిమిషాల్లో ముగించింది. ఈసారి ఆ మారథాన్ వాళ్ళే ఉత్తరం రాశారు, ఎలైట్ వరసలో పరుగెత్తమని.

"ఎలైట్ అంటే ఏంటే?" అంది వీరమ్మ.

"గొప్పగా పరుగెత్తేవాళ్ళంట అత్తయ్యా."

"మరి నిన్నెందుకు పిలిచారు?"

శ్యామ్ సుందర్ ఉత్తరమంతా చదివాడు. అందులో ఒక షరతు అతనికి బాగా నచ్చింది. ముప్పయ్యో కిలోమీటరును రెండు గంటల ఇరవై నిమిషాల్లోపు దాటలేనివాళ్ళను పోటీలోంచి తప్పించి వ్యాను ఎక్కించేస్తారు. "సరే, వెళ్ళు. వ్యాను ఎక్కావనుకో, బూట్లు అటకెక్కాల్సిందే. అమ్మ ముందు ఒప్పుకో" అన్నాడు. ఆరాధన ఒప్పుకుంది. ఒప్పుకున్నాక లెక్కేసుకుంది. పొద్దుటి ఆ గంటన్నర పరుగు పోతే రోజు మొత్తంలో తనదంటూ మిగిలేది ఏముంది?

ఉత్తరంలో ఎనిమిది సీసాలు తెమ్మని కూడా ఉంది. అక్కడ అందరూ తాగడానికి కాబోలనుకుంది. ముందురోజు విశాఖలో సీసాలు తీసుకునే గదిలో చూస్తే ఇథియోపియా అమ్మాయి ఒకతె తన సీసాలకు పసుపు రిబ్బన్లు చుట్టుకుంటోంది. బల్ల దగ్గరున్నతను చెప్పాడు: "ఐదేసి కిలోమీటర్లకు ఒకటి మీకోసం పెడతామండీ. దూరం నుంచి గుర్తుపట్టేలా ఏదన్నా కట్టుకోండి. ఇంకెవరూ ముట్టుకోరు."

"నాకోసం ఎవరు పెడతారు?"

"మా వాళ్ళే, మేడమ్."

ఆ మాట ఇంకోసారి వినాలనిపించి, వినబడనట్టు మళ్ళీ అడిగింది. తర్వాత సంచిలోంచి మిర్చి టిక్కీ బస్తాల మూతులు కుట్టే ఎర్ర పురికొస తీసి, నిమ్మకాయ పిండి ఉప్పూ పంచదారా కలిపిన ఎనిమిది సీసాల మెడలకూ కట్టింది.

ఆదివారం పొద్దున సముద్రం పక్కన పరుగు మొదలైంది. ఆ గొప్పవాళ్ళ అడుగుల చప్పుడే లేదు. వాళ్ళు పాదం ఎక్కడ మోపుతున్నారు, ఊపిరి ఎలా వదులుతున్నారు అని చూస్తుండగానే కనుమరుగైపోయారు. ఐదో కిలోమీటరు దగ్గర తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద ఎర్ర పురికొస సీసా నిలబడి ఉంది. ఆరాధనకు ఏడుపొచ్చినంత పనైంది. ఆగింది. మూత తిప్పింది. తల వెనక్కి వాల్చి, సీసా ఎత్తి గొంతులో పోసుకుంది. ఎగశ్వాసతో ఉన్న మనిషి గొంతులో పైనుంచి నీళ్ళు పడితే ఏమవుతుంది? సగం ముక్కులోకి పోయి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా దగ్గింది.

పదో కిలోమీటరు దగ్గరా అంతే. పదిహేను, ఇరవై కూడా. ఆగడం, ఎత్తడం, దగ్గడం. ప్రతి బల్ల దగ్గరా దాదాపు నిమిషం పోతోంది. చెదిరిన ఊపిరి కుదురుకోవడానికి ఇంకో కిలోమీటరు. మోటారు సైకిల్ మీద వచ్చిన పోటీ వాళ్ళ మనిషి, "మేడమ్, ఇలాగే ఆగితే ముప్పై దగ్గర వ్యానే" అన్నాడు. వెనక్కి చూస్తే తెల్లటి వ్యాను, తలుపు తెరుచుకునే ఉంది. అందులో సీటు మీద తన బూట్లు కూర్చుని ఉన్నట్టే అనిపించింది.

ఇరవై ఐదో కిలోమీటరు. సీసా అందుకుని అలవాటుగా తల వెనక్కి వాల్చబోయింది. అప్పుడు ఆమె పాత కుతూహలం ఒక ప్రశ్న వేసింది. ఇది ఎంగిలైతే ఎవరికి ఎంగిలి? నా తర్వాత దీంట్లో ఎవరు తాగుతారు? ఎవరూ తాగరు. పెట్టింది నాకు. ఇంత చిన్న సంగతి తెలియడానికి ఇరవై ఐదు కిలోమీటర్లు పట్టిందా?

ఆగకుండానే సీసా కరుచుకుంది. ప్లాస్టిక్ అంచు పళ్ళకు తగిలింది. ముందు సిగ్గేసింది, వీరమ్మ చూస్తున్నట్టే. తర్వాత ఉప్పగా తియ్యగా నీళ్ళు చుక్క పోకుండా లోపలికి దిగాయి. నవ్వొచ్చింది. రోడ్డు మీద ఒక్కతే నవ్వుకుంటూ పరుగెత్తింది. సీసా పారేయలేదు. కిలోమీటరు పొడుగునా చేత్తోనే పట్టుకుని, కావాలనిపించినప్పుడల్లా ఇంకోసారి కరుచుకుంది.

ముప్పయ్యో కిలోమీటరు గడియారం దాటేసరికి రెండు గంటల ఇరవై నిమిషాలకు ఇంకా పద్దెనిమిది సెకన్లుంది. వ్యాను వెనకే ఆగిపోయింది. ఆ వరసలో ఆఖరున వచ్చింది ఆరాధనే. ఆఖరైనా పూర్తి చేసింది.

ఫోన్ చేస్తే శ్యామ్ సుందర్ అడిగాడు: "వ్యానెక్కావా?"

"ఎక్కలేదండీ."

అతను మాట మార్చాడు. "రైలు ఎన్నింటికి? పొద్దున నాకు డ్యూటీ ఉంది, టిఫిన్ ఆలస్యమవుద్ది."

సోమవారం ఐదింటికి ఆరాధన కుళాయి తిప్పింది. ఎర్ర పురికొస ఉన్న సీసా ఒక్కటే నింపి, కుళాయి కట్టేసింది. కాళ్ళు పట్టేసి ఉన్నాయి, అయినా చెప్పులేసుకుంది. రోడ్డు చివరి దాకా అయినా నడిచొద్దామని. శ్యామ్ సుందర్ కళ్ళు నులుముకుంటూ వచ్చి గట్టు మీద ఖాళీ సీసాలు చూశాడు.

"నావి?"

"కుళాయి వస్తోందండీ. ఎవరివి వాళ్ళు పట్టుకోండి."

అని, సీసా కరుచుకుని రెండు గుక్కలు తాగింది. మంచం మీంచి వీరమ్మ చూసింది. శ్యామ్ సుందర్ కూడా తల్లి వైపు చూశాడు, ఇప్పుడు ఆవిడ తిట్లు అందుకుంటుందిలే అన్నట్టు.

వీరమ్మ తన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చాలాసేపు చూసుకుంది. అవి కూర్చున్నచోటే దోసిలిలా దగ్గరకు వచ్చి, మళ్ళీ విడిపోయాయి.

"ఆ ఎర్ర పురికొస," అంది, "ఇంకేమన్నా మిగిలిందా?"