మంచి అద్దెవాళ్ళని పోనివ్వకూడదు

ముప్పయ్యేళ్ళు లారీ తోలి మూడంతస్తుల ఇల్లు కట్టిన డ్రైవరుకి, లారీ తోలడం కన్నా ఇల్లు అద్దెకివ్వడమే కష్టమని మొదటి ఏడాదిలోనే తెలిసొచ్చింది. ఒకడు చెప్పాపెట్టకుండా పోతూ ఫ్యాన్లు కూడా విప్పుకుపోయాడు. ఇంకొకడు ఏడు నెలలు అద్దె ఎగ్గొట్టి, అడిగితే తిరిగి డ్రైవరు మీదే కేసు పెట్టాడు. అప్పుడు డ్రైవరు భార్య తన అన్నని పిలిపించింది. ఆయనకి ఆరిళ్ళున్నాయి, అన్నీ అద్దెకే. అందుకని ఆరిళ్ళాయన అనే పేరు పడిపోయింది.

ఆరిళ్ళాయన వచ్చి కుళాయిలన్నీ తిప్పి చూశాడు. గోడల్ని వేలిముడితో కొట్టి చూశాడు. ఆ తర్వాత కుర్చీ లాక్కుని బావగారికి పాఠం చెప్పాడు. ఇల్లు అడగడానికొచ్చినవాడి మాట వినొద్దు, వాడిప్పుడుంటున్న ఇంటికి వెళ్ళి వంటగది చూడు అన్నాడు. ఏడాదిలో ఒక నెల అద్దె మరమ్మతులకని ముందే తీసి పక్కన పెట్టమన్నాడు. ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే ఆ నష్టం దేవుడొచ్చినా పూడ్చలేడన్నాడు. మంచి అద్దెమనిషి దొరికితే మాత్రం ప్రాణం పోయినా వదలొద్దన్నాడు.

డ్రైవరుకి అలాంటి మనిషి దొరికింది. డ్రైవరు మొదటి అంతస్తులో ఉంటే, మూడో అంతస్తులో టైలరమ్మ. ఒకటో తారీకు పొద్దున్నే అద్దె తెచ్చిచ్చేది. కుళాయి కారితే వాషరు తనే మార్చుకునేది. మేడ మీద నీళ్ళ ట్యాంకు కడిగేది. రెండో అంతస్తువాళ్ళు మెట్ల మీద చెత్త పోస్తే డ్రైవరు నోరు విప్పక్కర్లేకుండా ఆవిడే వాళ్ళని కడిగి ఆరేసేది. ఆవిడ మొగుడు ఇళ్ళకి రంగులేసే పెయింటరు. నాలుగేళ్ళు ఆ ఇంట్లో వాళ్ళ వల్ల డ్రైవరుకి కడుపులో చల్ల కదల్లేదు.

పోయిన ఎండాకాలం పెయింటరు రంగులేస్తూ పరంజా కొయ్యల మీంచి జారి పడ్డాడు. నడుము కింద కాళ్ళు పట్టుతప్పాయి. ఏడాదిపాటు వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో వ్యాయామం చేయిస్తే మళ్ళీ నిలబడతాడనీ, ఆ ఏడాది దాటితే ఇక కాళ్ళ మీద ఆశ వదులుకోవాల్సిందేననీ డాక్టరు చెప్పాడు. ఆసుపత్రికి పోవాలంటే యాభై నాలుగు మెట్లు. గది వెడల్పు కలిసొస్తుందని డ్రైవరు మెట్లు ఇరుకుగా కట్టించాడు. మలుపులో స్ట్రెచరు తిరగదు. టైలరమ్మ బజారు నుంచి మోసేవాళ్ళని ఇద్దర్ని పిలిచి, మొగుణ్ణి ప్లాస్టిక్ కుర్చీలో కట్టి దించేది, ఎక్కించేది. కింది వాటా ఇమ్మని ముందు డ్రైవర్నే అడిగింది. అది బ్యాటరీల కొట్టువాడికి గోదాము. వాడు రెట్టింపు ఇస్తున్నాడు.

ఆ మాటే చెప్పాడు డ్రైవరు. ఆవిడ నొచ్చుకోలేదు.

"ఇంకెక్కడన్నా కింది వాటా చూసుకుంటాను బాబాయ్‌గారూ. అప్పుడు చక్రాల కుర్చీలో నేనే తోసుకుపోవచ్చు. ఇల్లిచ్చేవాళ్ళు మా సంగతి అడుగుతారు కదా, మీ నంబరు ఇచ్చాను. ఒక్క మంచి మాట చెప్పండి."

డ్రైవరు సరేనన్నాడు. సాయంత్రం ఆరిళ్ళాయన దగ్గరికి పోయి, బంగారంలాంటి మనుషులు పోతున్నారు బావా అని వాపోయాడు.

"చెడ్డగా చెప్పకు, అబద్ధం నిలవదు" అన్నాడు ఆరిళ్ళాయన. "ఎలాంటివాళ్ళు అని అడిగితే కాస్సేపు ఊరుకో. ఆ తర్వాత, బాగానే ఉంటారండీ అను. మిగతాది అవతలివాడే అల్లుకుంటాడు."

మొదటి ఫోను వచ్చినప్పుడు డ్రైవరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఊరుకున్నాడు. బాగానే ఉంటారండీ అన్నాడు. అవతలాయన గొంతు మారింది. థాంక్సండీ అని పెట్టేశాడు. నాలుగో ఫోనుకి డ్రైవరు అగ్గిపుల్ల చెవిలో తిప్పుకుంటూ ఊరుకున్నాడు. టైలరమ్మ మాత్రం ప్రతిసారీ, ఇస్తామన్నవాళ్ళు మర్నాటికి ఎందుకు మాట మారుస్తున్నారో తెలియడం లేదని అతనితోనే చెప్పుకునేది. కాలం అలా ఉందమ్మా అనేవాడు.

అయిదోసారి ఫోను రాలేదు. మనిషే వచ్చింది. పెన్షను పుచ్చుకున్న టీచరమ్మ. ఆసుపత్రి సందులోనే ఆవిడకి కింది వాటా ఖాళీగా ఉంది. మూడంతస్తులూ ఆయాసపడుతూ ఎక్కి, టైలరమ్మ ఇల్లు చూసి, వంటగది గట్టు మీద వేలు రాసి చూసి, కళకళలాడుతూ దిగింది. గేటు దగ్గర డ్రైవర్ని నిలేసింది. అతను ఊరుకుంటే, "నసగకండి, ఉన్నది చెప్పండి" అంది. ముప్పయ్యేళ్ళు పిల్లకాయల్ని చూసిన మనిషి. ఊరుకుంటే వదిలేలా లేదు.

"మనుషులు మంచివాళ్ళే. ఆయన పరిస్థితే... ఎప్పుడేమవుతుందో తెలీదు. ఇంట్లో చావు జరిగితే ఆ వాటా మళ్ళీ ఎవరు తీసుకుంటారు చెప్పండి. నాకైతే తప్పదు" అన్నాడు డ్రైవరు.

టీచరమ్మ గొడుగు విప్పుకుని పోయింది.

టైలరమ్మ పది రోజులు ఎదురుచూసింది. పదకొండో రోజు ఆవిడ బట్టలివ్వడానికి బజారుకి వెళ్ళినప్పుడు, పెయింటరు పక్కింటి పిల్లతో డ్రైవరుకి కబురు పంపాడు.

మంచం కిటికీ పక్కన ఉంది. పెయింటరు తల తిప్పి, కూర్చోమన్నాడు. డ్రైవరు కూర్చోలేదు.

"ఈ కిటికీ కింద మీ గేటే కదా ఓనరుగారూ. మీరు టీచరమ్మతో అన్నది వినబడింది."

డ్రైవరు కిటికీలోంచి గేటు వైపు తొంగిచూశాడు.

"మా ఆవిడకి చెప్పలేదు. చెప్పను. ఇంతమందిలో దానికి మంచివాడని నమ్మకం ఉన్నది మీ ఒక్కరి మీదే. నేను పోయాక దానికి ఒక చూరు ఉండాలి. మూడేళ్ళకి అగ్రిమెంటు దాని పేరున రాయండి. ఇదే అద్దెకి. ఇంకేం అడగను."

తప్పకుండా రాస్తానన్నాడు డ్రైవరు. నిజంగానే రాద్దామనుకున్నాడు. మెట్లు దిగేటప్పుడు గుండెల మీద బరువు దిగినట్టయింది కూడా. కానీ కాగితం రాయడం చేతగాక ఆరిళ్ళాయన దగ్గరికే పోయాడు.

ఆరిళ్ళాయన అంతా విన్నాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"నువ్వెందుకు భయపడతావోయ్. భయం వాడిది. పెళ్ళానికి చెప్పాడనుకో, ఆవిడ పోదామంటుంది. పోవడానికి ఇల్లేదీ? వాళ్ళింక ఎక్కడికీ పోరు. ఏటా పది శాతం పెంపు రాయి. మొదటి పెంపు వచ్చే నెల నుంచే."

డ్రైవరు అలాగే రాయించాడు.

టైలరమ్మ చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. మూడేళ్ళు అన్న మాట చదివి మొహం విప్పారింది. అద్దె దగ్గరికొచ్చి ఆగింది. మొగుడి వైపు చూసింది. పెయింటరు కాగితం అడిగి తీసుకుని, మొహానికి ఎత్తుగా పట్టుకుని చదివాడు. చేతులు నొప్పి పుట్టేంతసేపు చదివాడు. డ్రైవరు గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

"సంతకం పెట్టు" అన్నాడు పెయింటరు భార్యతో. "ఇంతకన్నా మంచాయన మనకెక్కడ దొరుకుతాడు."

ఆవిడ మిషను మీద కాగితం పరిచి సంతకం పెట్టింది. పెట్టాక ఒక్క క్షణం వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది. దారి దొరికినట్టు తలెత్తింది.

"పెంచిన దానికి సరిపోతుంది బాబాయ్‌గారూ. ఈయన్ని మోసేవాళ్ళని మానిపించేస్తాను. వ్యాయామం ఇంట్లోనే నేను చేయిస్తాలే."

"అలాగే చెయ్యమ్మా" అన్నాడు డ్రైవరు. కాగితం రెండు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.