అటు తిరిగిన మనిషి

లెక్కల మాస్టారి భార్య ఆయన్ని ఏనాడూ ఖాతరు చేయలేదు. కాపురం చేసినన్నాళ్లూ, ఏ మాట తేల్చుకోవలసి వచ్చినా కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడేది. చివరికి ఆసుపత్రి మంచం మీద కూడా, ఆయన వచ్చి కూర్చోగానే గోడవైపు తిరిగి పడుకుంది. మాస్టారు ఒళ్లు మండి వరండాలోకి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేసరికి మనిషి లేదు. పోతూ పోతూ కూడా అవమానించే పోయింది. ఇందులో ఆయనకు అనుమానమేమీ లేదు.

ఆమె అదే బడిలో సైన్సు చెప్పేది. పక్కపక్క గదులే. అయినా ఆమె పాఠం ఆయన ఒక్కసారీ చూడలేదు. ఇంట్లో వినేది చాలక ఇక్కడ కూడానా, అనేవాడు.

ఆమె పోయిన మరుసటేడు వచ్చిన హెడ్మాస్టరు కొత్త పద్ధతి పెట్టాడు. టీచర్లు ఒకరి క్లాసుకొకరు వెళ్లి వెనక బెంచీలో కూర్చోవాలి. ఏం నేర్చుకున్నదీ సాయంత్రం అందరి ముందూ చెప్పాలి.

“తల పండాక నాకు మళ్లీ ఓనమాలా?” అన్నాడు మాస్టారు.

“తల పండితే పండింది, చెవులు బాగానే ఉన్నాయిగా మాస్టారూ! సైన్సు క్లాసుకి వెళ్లండి.”

ఆ గదిలో ఇప్పుడు చెప్పేది కూతురి వయసున్న కొత్త టీచరమ్మ. ఆయన గుమ్మం దాటగానే “ఆముదం మాస్టార్రోయ్!” అని ఎవరో గొణిగారు. విననట్టే వెళ్లి కూర్చున్నాడు. బీరువాలోని సీసాల మీద భార్య అంటించిన చీటీలు అలాగే ఉన్నాయి. చూపు తిప్పేసుకున్నాడు.

“గిన్నెలో నీళ్లు మరిగి తగ్గిపోయాయి. ఎటు పోయాయి?” అని అడిగింది టీచరమ్మ.

ఎవరూ నోరు విప్పలేదు. ఆమె సుద్దముక్క బల్లమీద పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడింది.

మాస్టారు బెంచీలో ముందుకు వంగి చూశాడు. చెయ్యి ఊచమీద, తల కాస్త పక్కకి. అదే నిలబడటం.

“గా... గాల్లోకి, టీచర్,” అంది రెండో బెంచీలోని నత్తిపిల్ల. తడబడుతూనే మొత్తం చెప్పింది. చెప్పడం పూర్తయ్యేదాకా టీచరమ్మ ఇటు తిరగలేదు.

గంట కొట్టాక మాస్టారు అడిగాడు: “ఆ కిటికీ సంగతి ఎవరు నేర్పారమ్మా?”

“పిల్లలే సార్. కొత్తలో నేను మొహాల్లోకి చూస్తూ అడిగితే నోళ్లు కుట్టేసినట్టు కూర్చునేవారు. ఓరోజు ఆ పిల్లే, ‘మీరు అటు తిరగండి టీచర్, అప్పుడు చెప్తా’ అంది. పాత టీచరుగారు అలాగే తిరిగేవారట. ఎదురుగా చూస్తుంటే మాట రానివాళ్ల కోసమట. వాళ్లు నోరు తెరిచేదాకా ఎంతసేపైనా ఆగేవారట.” చెబుతున్నది ఎవరితోనో గుర్తొచ్చి నాలుక్కరుచుకుంది. “మీకు తెలియనిదేముంది లెండి.”

ఆసుపత్రి దుప్పటి కింద ఎముకలు తేలిన వీపు మాస్టారి కళ్లముందుకొచ్చి నిలిచింది. ఊపిరి ఉన్నంతసేపూ అది ఆయన మాటకోసం ఆగింది. ఆయన వరండాలో నిలబడ్డాడు.

నత్తిపిల్లకు తెలిసిన ముక్క కట్టుకున్నవాడికి చెప్పొద్దూ? అని పళ్లు కొరికాడు. ఆ కోపానికి ఈసారి పట్టు దొరకలేదు.

సాయంత్రం స్టాఫ్‌రూములో హెడ్మాస్టరు, “ఏం నేర్చుకున్నారు మాస్టారూ?” అన్నాడు.

“వెనక బెంచీకి మేకు లేచింది. కొట్టించండి.”

అందరూ నవ్వారు. “అది కాదు సార్, పాఠం సంగతి...”

“ఆ సంగతి నన్నడగొద్దు. ఇవాళే కాదు, ఎప్పుడూ అడగొద్దు.”

నవ్వులు ఆగిపోయాయి. ఆ తర్వాత ఆయన్నెవరూ అడగలేదు. ఆయనా ఎవరికీ చెప్పలేదు.