ఎవరి తాలూకు

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు ఫోన్ మోగినప్పుడు టైలరమ్మ నోట్లో మూడు గుండుసూదులున్నాయి. చంక దగ్గర పట్టేస్తోందని వెనక్కొచ్చిన జాకెట్టును కుట్లు విప్పి సరిచేస్తోంది. చేతులు ఖాళీ లేక మోచేత్తోనే స్పీకర్ నొక్కింది.

"వదినా, బయల్దేరాం. గంటలో మీ ఇంట్లో ఉంటాం. నలుగురం," అంది అవతల ఒక ఆడగొంతు, నవ్వుతూ.

పెదాల మధ్య సూదులు పెట్టుకుని ఎవరని అడుగుతుంది? "ఊ," అంది. అవతల పెట్టేశారు. సూదులు తీసి తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

వదినా అందంటే మొగుడి వైపు మనిషే అనుకుని పడగ్గదిలోకి వెళ్ళింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. వారంలో ఆరు రోజులు, ఎవరో మధ్యలో ఇరుక్కుపోయారంటే పరిగెత్తే మనిషి. ఏడో రోజు మొద్దులా నిద్రపోతాడు.

"ఏమండీ, లేవండి. మీ వాళ్ళొస్తున్నారు. నలుగురట. గంటే టైముంది."

"మా వాళ్ళా? ఎవరు?"

"చెప్పలేదు. ముందు లేచి ఇల్లెలా ఉందో చూడండి."

ఆయన లేచి చూశాడు. చూడటానికి ఇల్లు కనపడితే కదా. హాలే ఆవిడ కుట్టుగది. నేలంతా గుడ్డపేలికలు, దారప్పోగులు, బొత్తాలు. సోఫా మీద ఇవ్వాల్సిన బట్టలు, దాని కింద ఇవ్వలేకపోయిన బట్టలు. బల్ల మీద ఆయన గ్రీజు స్పానర్లు, వాటి పక్కనే పొద్దుటి పళ్ళేలు. చిన్న గది ఒకటి ఖాళీగా ఉంటుంది. పిల్లలు పుడితే వాళ్ళకని అనుకున్న గది. పదకొండేళ్ళయింది, దాని మాట ఇద్దరూ ఎత్తరు.

"అన్నీ అందులో పడేద్దాం," అన్నాడాయన.

ఇక చూడాలి ఇద్దరి పరుగు. ఆయన దుప్పటి పరిచి, బట్టలన్నీ అందులోకి తోసి, మూట కట్టి ఈడ్చుకుపోయాడు. ఆవిడ చీపురు పట్టింది. కడగని గిన్నెలు బకెట్లో పెట్టి బకెట్‌నీ అందులోకే చేరవేశారు. చివరికి తలుపు పట్టక, ఆయన భుజంతో ఒక తోపు తోసి గడియ పెట్టాడు.

పని తొందరగానే తెమిలింది. మరీ తొందరగా తెమిలిందని టైలరమ్మకు అప్పుడే అనిపించింది. సోఫా ముందు ఒక టీ మరక ఉండేది. యాసిడ్ పోసినా కదలని మొండి మరక. ఇవాళ తడిగుడ్డ ఒకసారి తగిలేసరికి నీళ్ళలో కలిసిపోయింది. చీపురు ముందు చెత్త తనంతట తాను జరిగిపోతున్నట్టుంది. మంచం మీద ఉతికిన దుప్పటి ఒక్క ముడత లేకుండా పరుచుకుంది. కొత్త కాపురం రోజున కూడా ఇల్లు ఇంత శుభ్రంగా లేదు.

సరిగ్గా మూడున్నరకు తలుపు తట్టారు.

నలుగురు. ఒక ముసలావిడ, నడివయసు మొగుడూ పెళ్ళాం, పదేళ్ళ పాప. చెప్పులు బయట వరసగా విప్పి, కుడికాలు ముందు పెట్టి లోపలికొచ్చారు. చేతుల్లో ఒక్క సంచీ లేదు.

"బాగున్నావా వదినా? చిక్కిపోలేదు, అదే సంతోషం," అంది నడివయసామె, ఫోన్లో విన్న గొంతుతోనే. "బావా, ఇవాళైనా దొరికావు," అంటూ ఆమె భర్త మెకానిక్ చేయి పట్టుకున్నాడు. మెకానిక్ పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. అది చూసి టైలరమ్మ నిశ్చింతగా టీ పెట్టడానికి వెళ్ళింది.

టీ ఇచ్చింది. కబుర్లు సాగాయి. వాళ్ళకు అన్నీ నచ్చాయి. ఇల్లు బాగుంది, గాలి బాగుంది, టీ బాగుంది. పాప మాత్రం ఏమీ మాట్లాడకుండా గడియ పెట్టిన గది వంకే చూస్తోంది. అరగంట దాటింది. అప్పుడు టైలరమ్మకు అనుమానం వచ్చింది. మొగుడి తరఫు ఆడమనిషి వచ్చి అరగంటైంది. ఒక్క వంక పెట్టలేదు. టీలో చక్కెర ఎక్కువనలేదు, ఆ మూల బూజు చూశావా అనలేదు. చుట్టాలన్నాక ఎక్కడైనా ఇలా ఉంటారా?

ఆయన్ని వంటింట్లోకి పిలిచింది.

"మీకు ఏ వరసలో చెల్లెలు?"

"నాకు చెల్లెలేంటి? నేనెప్పుడూ చూసిన మనిషి కాదు. మీ మేనమామ కూతురు కాదూ?"

"మా మామయ్యకు కూతుళ్ళెక్కడున్నారు?"

చిక్కంతా ఆ పిలుపులతోనే వచ్చింది. మొగుడి చెల్లెలూ వదినా అంటుంది, మేనమామ కూతురూ వదినా అంటుంది. బావా అన్నదీ అంతే. బామ్మర్దీ అంటాడు, చెల్లెలి మొగుడూ అంటాడు. హాల్లో మాటలు ఆగిపోయాయి. కప్పు సాసరుకు తగిలిన చప్పుడు కూడా లేదు.

టైలరమ్మ కొంగు బిగించి హాల్లోకి వచ్చింది. మొహమాటం కాళ్ళకు అడ్డం పడుతున్నా అడిగేసింది. "ఏమనుకోకండి పెద్దమ్మగారూ. మీరు ఎవరి తాలూకు?"

ముసలావిడకు కోపం రాలేదు. "అడుగుతారమ్మా. ఇంతకుముందు ఇంటివాళ్ళూ అడిగారు."

"అడిగితే ఏం చెప్పారు?"

"చెప్పేదేముంది? ఫోన్ చేస్తే ఊ అన్నావు. ఊడ్చావు, తుడిచావు, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచావు. ఇంతకంటే రమ్మనడం ఏముంటుంది తల్లీ? మాకా చిన్న గది చాలు."

"ఎన్నాళ్ళుంటారు?" అన్నాడు మెకానిక్.

"ఉంటాం," అంది ముసలావిడ.

"మరి ఇంతకుముందు ఇంటివాళ్ళు?"

"వాళ్ళే సర్దుకున్నారు," అంది కోడలు, అదే నవ్వుతో.

సర్దుకోవడమంటే ఓర్చుకున్నారనా, మూటాముల్లె కట్టుకున్నారనా? ఆ మాట అర్థం ఆరా తీసే ధైర్యం టైలరమ్మకు లేదు. కానీ ఆవిడ చేతులు కుట్టు విప్పడానికి అలవాటు పడ్డ చేతులు. తప్పుగా పడ్డ కుట్టును ఏడిస్తే సరిచేయలేం, విప్పాలి. నేరుగా వెళ్ళి చిన్న గది గడియ తీసింది.

సామాను కట్ట తెగినట్టు హాల్లోకి జారింది. మూట ముడి లాగి దులిపేసింది. పేలికలు సోఫా మీదా, ముసలావిడ ఒళ్ళోనూ పడ్డాయి. బొత్తాల డబ్బా బోర్లించింది. మొదట నోరు తెరుచుకుని చూసిన మెకానిక్‌కు సంగతి అర్థమై, స్పానర్ల సంచీ తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. గ్రీజు చేతులు గోడకు తుడిచాడు. బకెట్లోంచి ఎంగిలి గిన్నెలు తీసి వాళ్ళ కాళ్ళ దగ్గర పరిచాడు. టైలరమ్మ మంచం మీది దుప్పటి లాగి ఉండచుట్టి విసిరి, మిగిలిన టీ నేల మీద ఒంపింది.

"ఇదండీ మా ఇల్లు," అంది రొప్పుతూ. "ఇక్కడ చోటు లేదు."

చుట్టాలు లేచారు. ముసలావిడ ఒళ్ళోని పేలికలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. "తీరిగ్గా ఉన్నప్పుడు వస్తాం," అంది. చెప్పులు వేసుకుని మెట్లు దిగారు. మెకానిక్ తలుపు వేసి దానికి వీపు ఆనించాడు.

"పోయారు. ముగ్గురూ పోయారు."

"నలుగురు కదండీ," అంది టైలరమ్మ.

ఆయన మూడు వేళ్ళు చూపించాడు. "నేను లెక్కపెట్టాను. ముగ్గురే."

ఇద్దరూ ఇంటి వంక చూశారు. మోకాళ్ళెత్తు గుడ్డలు, మూటలు. అందులో పదేళ్ళ పిల్ల ఎక్కడైనా ఉండొచ్చు. వెతకాలంటే అన్నీ తీయాలి, ఒక పక్కకు సర్దాలి. అలా సర్దితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. చిన్న గదిలో, గుట్ట వెనక, ఊపిరి లాంటిది వినిపిస్తోంది.

మెకానిక్ స్పానర్ అందుకోబోతే ఆవిడ చేయి పట్టుకుని ఆపింది. గది గుమ్మం దాకా వెళ్ళి, పక్కింటి పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"పాపా, మీ నాయనమ్మ కిందికి వెళ్ళిపోయిందమ్మా. నిన్ను వెతుక్కుంటుంది. నువ్విక్కడ ఉండకూడదు. మేం అటు తిరుగుతాం, నువ్వు చల్లగా వెళ్ళు."

ఆపైన, "గది బాగుందని నాకూ తెలుసు," అంది. ఆ మాట ఎందుకన్నదో ఆవిడకే తెలియదు.

వీధి తలుపు గడియ తీసి, మొగుడూ పెళ్ళాం గోడకేసి తిరిగి నిలబడ్డారు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పేలికలు సరసరమన్నాయి. చిన్న కాలు తగిలి ఒక బొత్తం దొర్లుకుంటూ పోయింది. వెనక నుంచి చల్లటి గాలి దాటింది. తలుపు మెల్లిగా, మర్యాదగా మూసుకుంది.

టైలరమ్మ బాల్కనీలోకి పరిగెత్తింది. కింద, వీధి మలుపు దగ్గర, ముగ్గురు నిలబడి ఉన్నారు. పాప వెళ్ళి వాళ్ళను కలిసింది. ముసలావిడ దాని జుట్టుకంటుకున్న దారప్పోగు తీసి చెయ్యి పట్టుకుంది. నలుగురూ నడిచారు. పాప ఒక్కతే వెనక్కి తిరిగి, పైకి చూసి చెయ్యి ఊపింది.

తిరిగి ఊపాలనే అనిపించింది టైలరమ్మకు. కానీ కింద నుంచి చూసేవాళ్ళకు అది రమ్మన్నట్టు కనపడుతుందేమోనని, రెండు చేతులూ కొంగులో దాచుకుని, వాళ్ళు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది.